ఏడుగురు తాతల పూచీ

మా కొచ్కోర్ ఊరి బజారులో నేను ఉన్ని అమ్ముకునే చోటికి పక్కనే, ఒత్తిన ఉన్నితో తివాచీలు కుట్టే అక్కచెల్లెళ్లిద్దరు టీ తాగుతూ మాట్లాడుకుంటున్నారు. చెల్లెలి గొంతే ముందు వినబడింది.

"ఆ వెబ్‌సైట్ మూయించెయ్యక్కా. ఆర్డర్లు తీసుకుని దానంతటదే జవాబులిస్తోంది. మనకేమో ఒక్కటీ చేరదు. జనం మనల్ని దొంగలంటున్నారు."

"ఎలా మూయించనే? పాస్‌వర్డ్ దాన్ని తయారుచేసిన తిలెక్ దగ్గరుంది."

"పని ఒప్పజెప్పినప్పుడే అడగొద్దూ?"

"మనవాళ్ల ఆనవాయితీ ప్రకారం వాడి ఏడు తరాల తాతల పేర్లడిగాను. గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అందులో ఒకాయన మనకీ తాతే. అయినవాణ్ణి పట్టుకుని ఇంకేం అడుగుతాం?"

"బాగుంది సంబడం! ఇప్పుడా తాతలొచ్చి తివాచీలు పంపిస్తారా?"

"వెక్కిరించకే. వాళ్లమ్మతో పోట్లాడి ఎటో వెళ్లిపోయాడు. ఫోన్ ఎత్తడు."

"ఆవిణ్ణే అడక్కపోయావా?"

"వెళ్లాను. నేను నోరు తెరిచేలోగా ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. 'వాడి వెబ్‌సైట్ ఎవరు రాసినా జవాబిస్తుందటగా? నన్నూ ఒక్క మాట రాయనియ్యమ్మా' అంది."

"అయ్యో. మరి ఏం చేశావ్?"

"ఫోన్ తెరిచిచ్చాను. 'కోపం పోయిందా నాయనా?' అని రాసింది. 'మీ సందేశం అందింది, ధన్యవాదాలు' అని వచ్చింది."

"చెప్పలేకపోయావా, అది వాడు కాదని?"

"అప్పటికే ఆవిడ ఇంకో మాట రాయడం మొదలెట్టిందే. నా ఫోన్ ఇంకా ఆవిడ దగ్గరే ఉంది."