వత్తు లేని అక్క

నాకు నలభై మూడేళ్లు. పరిశోధనశాలలో టెక్నీషియన్‌ని. పందొమ్మిదేళ్లుగా కంటికి కనపడని ఏకకణ జీవుల్ని గాజు సీసాల్లో పెంచుతున్నాను. కావాలని సీసాలు తారుమారు చేశానని నా మీద పోలీసులకి ఫిర్యాదు ఇచ్చింది మా ల్యాబు అధికారి. ఆవిడ నా సొంత చెల్లెలు. ఇన్‌స్పెక్టర్ గారు అడిగిన మీదట, ఎవరి బలవంతమూ లేకుండా ఇది చెబుతున్నాను.

మా దగ్గర రెండు రకాల జీవులున్నాయి. ఒకటి మనిషి రక్తంలో దూరి జబ్బు చేసే పరాన్నజీవి. రెండోది దాని దగ్గరి చుట్టం, చెరువు నీళ్లలో తన మానాన తను బతికేది. పరాన్నజీవి సీసాకి "చెల్లి" అనీ, చెరువుదానికి "అక్క" అనీ చీటీలు అంటిస్తాం. నేను ఇంట్లో ల్యాబు కబుర్లు చెబితే, ఆ పేర్లు పెట్టింది మా చెల్లెలే. "ఒకరింట్లో చేరి తినేది చెల్లెలే కదక్కా" అని నవ్వింది. అప్పట్లో తను మా ఇంట్లో ఉండి చదువుకునేది. నేనూ నవ్వాను.

ఈ జీవుల పైపొరలో ఒక ప్రొటీన్ ఉంది. బయటి సరుకుని లోపలికి చేరవేసే గుమ్మంలాంటిదని దాని అమరికను బట్టి అనుకుంటున్నాం. ఇంకా రుజువు కాలేదు. అందుకే దాని పేరు ముందు "బహుశా" అని రాయాలి. నేను ప్రతి పేజీలోనూ రాశాను. ఆ గుమ్మంలోంచి మందు పంపితే పరాన్నజీవి చస్తుందని చెల్లెలి వాదన. ఐదుసార్లు చేసి చూశాను. ఐదుసార్లూ చెరువుది చచ్చింది, పరాన్నజీవి నిక్షేపంలా ఉంది. ఐదుసార్లూ తనకి చెప్పాను. "నీ చాదస్తం నువ్వూను" అంది. నివేదికలో "బహుశా" అన్నచోటల్లా కొట్టేసింది.

మంగళవారం ఉదయం తొమ్మిదింపావుకి రెండు సీసాలూ బల్ల మీద పెట్టాను. చెల్లెలు నన్ను స్టోరుకెళ్లి గ్లౌజులు తెమ్మంది. సొరుగులో రెండు పెట్టెల గ్లౌజులున్నాయి. అయినా వెళ్లాను. తిరిగొచ్చేసరికి తొమ్మిదిన్నర. పదింటికి బయటి పరీక్షకులు ఇద్దరొచ్చి మందు వేశారు. పన్నెండున్నరకి "చెల్లి" సీసాలోవి చచ్చాయి, "అక్క" సీసాలోవి బతికాయి. అందరూ చెల్లెలితో చేయి కలిపారు. ఒక పరీక్షకుడు మాత్రం ఊరుకోక బతికినవాటిని మైక్రోస్కోపులో చూశాడు. చెరువుదానికి రెండు తోకలుంటాయి, పరాన్నజీవికి ఒకటే. "అక్క" సీసాలోవాటికి ఆయనకి ఒకటే కనిపించింది.

చెల్లెలు నా వైపు చూడకుండా, "చీటీల పని మొదట్నుంచీ ఆవిడదే" అంది. "అక్క" అనలేదు. "ఆవిడ" అంది. ఉద్యోగం పోతుందని నాకు భయమే. కానీ ఆ రోజంతా నాకు ఆ మాటే వినపడుతూ ఉంది. ఆవిడ.

ఇన్‌స్పెక్టర్ గారు ఆ "అక్క" సీసా చీటీ చూపించారు. దాని మీద "అక" అని ఉంది. వత్తు లేదు. మా చెల్లెలికి ఐదేళ్లప్పుడు పలక మీద ఆ మాట నేనే దిద్దించాను. ఎన్నిసార్లు దిద్దించానో. కంగారుపడితే ఇప్పటికీ వత్తు మింగేస్తుంది. నా పుట్టినరోజుకి ఇచ్చిన కార్డు మీద కూడా "ప్రియమైన అక" అనే ఉంది. దాన్ని పదకొండేళ్లుగా దాచుకున్నాను. ఇవాళ తెచ్చి ఇన్‌స్పెక్టర్ గారికి ఇచ్చాను.

"ఈ చీటీ ఎవరు రాశారో చెప్పగలరా?" అని అడిగారు. చెప్పాను. నా మాటలు రాసుకుంటున్న రైటరు గారు నన్ను చూసి జాలిపడ్డట్టున్నారు, "బహుశా నా చెల్లెలు" అని రాశారు. ఆ మొదటి మాట కొట్టేయించాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. కొట్టేయించిన ఆ ఒక్క మాట తప్ప అంతా నేను చెప్పిందే. అంతా నిజం.

(సంతకం)
ఫిర్యాదుదారుకు అక్క