రెండు వందల పదిహేడో లెక్క

కూర్చోమంటారేంటి మేడమ్, కూర్చోవడానికొచ్చానా నేను? రీవాల్యుయేషన్‌కి అప్లికేషన్ పెట్టి పన్నెండు రోజులైంది. కింద కౌంటర్‌లో అడిగితే పైకి పొమ్మంటారు, పైకొస్తే సంతకం పెట్టేవాళ్లు మీటింగ్‌లో ఉన్నారంటారు. ఈ పరీక్షల విభాగానికి అధికారి మీరేగా? అయితే మీకే చెబుతాను. సరే, కూర్చుంటాను లెండి. మంచినీళ్లొద్దు.

మా చెల్లెలి సంగతి. ఫిజిక్స్‌లో రిసెర్చ్ సీటుకి ఎంట్రన్స్ రాసింది. ఆరు మార్కుల్లో పోయింది. ఒక్క ప్రశ్న, ఇరవై మార్కులది, దానికి సున్నా చుట్టారు. ఇదుగో జవాబు జిరాక్స్, చూడండి.

కెపాసిటర్ లెక్క. రెండు రేకులు, వాటికి బ్యాటరీ తగిలించి ఉంటుంది. మధ్యలోకి సగం దాకా ఒక గాజు పలక దూర్చి వదిలేస్తే, ఆ పలక లోపలికి పోతుందా, బయటికొస్తుందా? లోపలికే లాగుతుందని రాసింది మా పిల్ల. లోపలికే లాగుతుంది మేడమ్! ఏ డిగ్రీ పుస్తకమైనా తెరిచి చూడండి.

ఆన్సర్ కీలో బయటికని ఉందా? ఉంటుంది, ఎందుకుండదు? పేపర్ సెట్ చేసిందీ నాకు రిసెర్చ్ గైడుగా ఉన్న మాస్టారే, దిద్దిందీ ఆయనే. ప్రశ్న ఆయన సాల్వ్‌డ్ ప్రాబ్లమ్స్ పుస్తకంలోది. రెండు వందల పదిహేడో లెక్క. జవాబు కూడా అక్కణ్ణుంచే ఎత్తి కీలో పెట్టేశాడు, మళ్లీ ఒకసారి చేసి చూసుకునే ఓపిక కూడా లేదు మహానుభావుడికి. చిలకల్లా అప్పజెప్పినవాళ్లకి ఇరవైకి ఇరవై! బుర్రపెట్టి చేసిన పిల్లకి గుండు సున్నా!

మరి అందరూ చదివే పుస్తకం మా చెల్లెలొక్కతే ఎందుకు చదవలేదంటారా?

నేను ఇంట్లోకి రానివ్వలేదు. ఒకసారి కొనుక్కొస్తే లాక్కుని చెత్తబుట్టలో పడేశాను. "అదేంటే అక్కా, అందరూ దాన్నే నమ్ముకున్నారే" అంది పాపం. ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి అన్నాను.

పగేనండి. పగ కాక మరేంటి? ఆ పుస్తకంలో ప్రతి లెక్కా చేసింది నేను! ఆయన దగ్గర రిసెర్చ్‌కి చేరి, నా పని అటకెక్కించి, ఆయన లెక్కలు చేశాను. "నువ్వు చేసెయ్యమ్మా, నేను చూస్తాలే" అనేవాడు. ఏం చూడ్డం! టీ తాగుతూ పేజీ కింద ఒక టిక్కు, ఒక పొట్టి సంతకం. కప్పు ఖాళీ అయ్యేలోపు ఇరవై పేజీలు. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉంటాయన్నాడు. తీరా ప్రూఫులొచ్చాక చూస్తే ఆయన పేరొక్కటే. లోపల భార్యకి కృతజ్ఞతలు, టైపిస్టుకి కృతజ్ఞతలు. నా ఊసే లేదు! ఇదేంటి మాస్టారూ అంటే, "చిన్నదానివి, నీకింకా బోలెడు భవిష్యత్తుంది" అన్నాడు. ఒళ్లు భగ్గున మండింది మేడమ్.

అచ్చు తప్పా? కాదు. ప్రూఫులు దిద్దింది నేనే. ఆ జవాబు మార్చింది కూడా నేనే.

అవును, కావాలనే. బ్యాటరీ కూడా పని చేస్తుంది కదా, ఆ పని లెక్కలోకి తీసుకోకుండా వదిలేశాను, అంతే. గుర్తు తిరగబడింది, లోపలికి పోవాల్సిన పలక బయటికొచ్చేసింది. నా కష్టాన్ని ఆయన ఎలా వదిలేశాడో, అలాగే.

తరగతిలో ఎవడో ఒకడు లేచి అడుగుతాడు, ఆయన బోర్డు ముందు నిలబడి నీళ్లు నములుతాడు, అది కళ్లారా చూడాలనుకున్నాను. మూడేళ్లు ఎదురుచూశాను. ఒక్కడంటే ఒక్కడు అడగలేదు! చివరికి నేను తీసిన గోతిలో మా చెల్లెలు పడింది.

సాక్ష్యమా? బ్రహ్మాండంగా ఉంది. ఇదుగో, మొదట నేను చేసిన పేజీ. ఇది మార్చిన పేజీ, ఇది కూడా ఆయనకి చూపించే ప్రెస్‌కిచ్చాను. రెండిటి కిందా ఆయన టిక్కే, ఆయన సంతకమే. ఒకటి లోపలికంటుంది, ఒకటి బయటికంటుంది, రెండూ కరెక్టేనట! ఇంకేం కావాలి మీకు? పిలవండి ఆయన్ని, ఇప్పుడే పిలవండి.

ఏంటీ? ఆయన మీద ఫిర్యాదంటే విచారణ వెయ్యాలా? ఆరు నెలలా? శుక్రవారానికి సీట్లు నిండిపోతాయి కదా!

ఓహో. ప్రూఫులు దిద్దినదాన్ని కాబట్టి, అచ్చు తప్పని నేను రాసిస్తే ఇవాళే మార్కులు కలుపుతారు. ఆయనకేం కాదు, నాకూ ఏం కాదు. పాము చావదు, కర్ర విరగదు. భలే దారి చూపించారు.

ఒక మాట చెప్పనా మేడమ్? ఈ జిరాక్స్ వచ్చిన రోజు మా చెల్లెలు గోడకానుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏ ప్రశ్నే అని లాక్కుని చూశాను. ముందు నాకు ఏమనిపించిందో తెలుసా? సంతోషం. దొరికాడ్రా అనుకున్నాను. ఆ తర్వాత గానీ దాని మొహం వైపు చూడలేదు. తోడబుట్టినదాన్నేనా నేను? ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

ఇవ్వండి పెన్ను.

రాశాను. సంతకం పెట్టాను. దాని మార్కులు ఇప్పుడే, నా కళ్లముందే ఎక్కించండి. ఊఁ... స్టాంపు కూడా వెయ్యండి. కాపీ ఒకటి నాకివ్వండి.

గొడవ తీరిపోయిందంటారా? ఒక్కటే అనుకున్నారా మేడమ్? అంత కోపం ఒక్క లెక్కతో చల్లారుతుందా? అలా మార్చినవి ఇంకో తొమ్మిదున్నాయి. ఏవేవో మాత్రం చెప్పను, మీరు విచారణ వేసినా చెప్పను. వచ్చే ఏడూ పేపర్ సెట్ చేసేది మాస్టారేగా? మొదటి పేజీ నుంచి కూర్చుని, ఆయన చేత్తో ఆయన్ని చెయ్యమనండి. అవన్నీ చెయ్యడానికి నాకైతే నాలుగేళ్లు పట్టింది.