రెండో తూకం

హలో… భరణీ? ఆ, నేనే, ధర్మేంద్రని. నంబరు కొత్తది… పెట్టేయకు. రెండు నిమిషాలు.

…

కొట్లో బేరం ఉన్నాదా. సరే, ముందు తూసిచ్చేయ్. నేనుంటాను.

…

ఆ, వినపడతన్నాది. పళ్ళాలు మార్చి మళ్ళీ తూసేవు కదా… తక్కెడ గొలుసు సప్పుడుకి తెలిసిపోయింది. మెషీన్ కొనలేదేటి ఇంకా? … ఉన్నా దీన్నే నమ్ముతారా. సరే.

ఎందుకు సేసేనంటే… ఊరికే. అంటే, ఊరికే కాదు. వర్షాలెలా ఉన్నాయి అక్కడ? … అవున్లే. ఏడాదిగా ఒక్క ఫోనూ సెయ్యనోడు వర్షాల కోసం సేస్తాడేటి.

ఆ పేపరు లెక్క మళ్ళీ కట్టేను. … మనది కాదులే, నాది. నాదీ గైడ్ సార్‌దీ.

పదకొండు వచ్చింది.

… సరిగ్గా సెప్పాలంటే పదకొండు పాయింట్ రెండు శాతం. నువ్వు సెప్పిందే. నేను పేపర్లో అచ్చేసిన ముప్ఫై ఎనిమిది తప్పు.

… టాడ్‌పోల్ బొమ్మలు. లెక్కలో కలపాల్సినవి నాలుగు వదిలేసేను. … ఆ, నువ్వప్పుడే అన్నావు. నీ నోట్‌బుక్ డ్రాయర్లో ఉండిపోయింది. అది సూసే కట్టేను.

ఎవరది, మీ నాన్నగారా? … స్పీకర్‌లో ఉన్నాదా. … లేదు, తియ్యొద్దు. ఆయనా వినాలి.

నమస్కారమండి సావుకారు గారూ. ధర్మేంద్రనండి, యూనివర్సిటీలో మీ అమ్మాయికి సీనియర్ని. మాది శ్రీముఖలింగం దగ్గరండి. … ఆ, వ్యవసాయమే. … ఏ లెక్కంటే… ఎలా సెప్పాలి మీకు. కంటికి అగుపడని సరుకొకటి ఈ విశ్వం నిండా ఉన్నాదండి. డార్క్ మేటర్ అంటాం. దాని కణాలు రెండు ఎదురుపడితే రెండూ మాయమైపోతాయి. … ఆ, మాయమై వేరే కణాలు పుడతాయి. ఎంత జోరుగా మాయమైతే అంత తక్కువ మిగుల్తాది. ఆ జోరు ఎంతన్నదే మా లెక్క. హిగ్స్ కణం పేరు ఇన్నారు కదా, దానికింకా తోబుట్టువులు ఉన్నాయనుకుని కడతాం. ముందు మోటు లెక్క. దాని మీద క్వాంటమ్ సవరణలని సన్న లెక్క. పనంతా ఆ సన్న లెక్క దగ్గరేనండి. మోటు లెక్కని అది ఎంత శాతం మారుస్తాదన్నదే ఇందాకన్న పదకొండూ, ముప్ఫై ఎనిమిదీ.

అందులో గేజ్ అని ఒక అంకె ఉంటాది. మనకిష్టమొచ్చింది పెట్టుకోవచ్చు. ఏది పెట్టినా సివరికొచ్చే జవాబు మాత్రం మారకూడదు. మారిందంటే మనం ఎక్కడో ఏదో వదిలేసినట్టు.

… ఆ. అదేనండి. పళ్ళాలు మార్చినట్టే.

మీ అమ్మాయి సెమినార్లో అచ్చం ఇదే మాటన్నాది. ముప్ఫై మంది ముందు. 'మా నాన్న పళ్ళాలు మార్చి తూస్తారు, మీరు గేజ్ మార్చి సూసేరా' అనడిగింది.

… నేనేటన్నాననా?

భరణీ, నువ్వింట్లో సెప్పలేదా?

… లేదు, నేనే సెప్తాను. నేనే సెప్పాలి. 'ఇది మీ కిరాణా కొట్టు కాదు' అన్నానండి. … ఆ. అందరూ నవ్వేరు. … నేనూ నవ్వేను.

…

… తప్పేనండి సావుకారు గారూ.

అదొక్కటే అయితే బాగుణ్ణు. పేపర్లో 'గేజ్ మార్చి సరిచూశాం' అని ఒక వాక్యం ఉన్నాది. రాసింది నేనే. సూడలేదు. … ఒక్కసారి కూడా లేదు భరణీ. మార్చి నడిపితే కంప్యూటరుకి మూడు వారాలు పడతాది. కాన్ఫరెన్స్ దగ్గరకొచ్చేసింది. ఎలాగూ సరిపోతాదిలే అనుకున్నాను.

… ఆ. ఆ వాక్యం సూసే మన గైడ్ నారాయణమూర్తి సార్ నీ థీసిస్ చాప్టరు తిప్పికొట్టేరు. నీ అంకె అచ్చయిన అంకెతో కలవలేదని. నువ్వు సదువు వదిలేసి బేగ్ పట్టుకుని దిగిపోతంటే మెట్ల మీద నేనెదురయ్యేను, గుర్తున్నాదా? ఫోన్ సూసుకుంటన్నట్టు నటించేను.

… సార్‌కా? … ఇంకా సెప్పలేదు.

… తెలిసి పది రోజులైంది. … తెలుసు. శుక్రవారంతో నీ పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ గడువు అయిపోతాదని తెలుసు. మూడు రోజులే ఉన్నాదని కూడా తెలుసు.

… నీకెందుకు ముందు సేసేనంటే… నీకే కదా ముందు సెప్పాలి, అందుకని…

…

కాదు. అందుకు కాదు. నువ్వు 'పోన్లెండి, ఇప్పుడెందుకు' అంటావేమోనని. 'కొట్లో కుదురుకున్నాను, నాకా డిగ్రీ అక్కర్లేదు' అంటావేమోనని. నువ్వలాగనేస్తే నేనింక సార్‌కి సెప్పక్కర్లేదు కదా.

… ఆ. అందుకే సేసేను. నీ ముందు ఈ మాటనడానికి కూడా సిగ్గేస్తన్నాది. మీ నాన్నగారు వింటంటే మరీను.

… ఏటి? … ఆ, రైలు సప్పుడే. … సీపురుపల్లి స్టేషనే. పొద్దున్న తొమ్మిదికి దిగేను. మీ వీధి సివరి దాకా వచ్చేను. నువ్వెవరికో బెల్లం తూస్తన్నావు. పిలవకుండానే తిరిగొచ్చేసి ఈ బెంచీ మీద కూసున్నాను.

… మెయిల్ రాసే ఉంచేను. పంపలేదంతే. … సదవాలా?

'సార్, మన లెక్కలో ఒక పొరపాటు కనిపించింది. సరిచేసి జర్నల్‌కి పంపుదాం.'

… అంతే. … లేదు, నీ పేరు లేదు. … అబద్ధమన్న మాట కూడా లేదు.

… రాస్తన్నాను, ఉండు. 'గేజ్ మార్చి సరిచూశామని నేను రాసింది అబద్ధం. సరైన అంకె భరణిది. ఏడాది కిందటే ఆమె చెప్పింది. ఆమె నోట్‌బుక్ చూసే నేను దిద్దుకున్నాను.' … ఆ, రాసేను.

… కిరాణా కొట్టు మాటా? అదెందుకు, సార్ ఆ రోజు అక్కడే ఉన్నారు, ఆయనకి తెలుసు—

… సరే. సరే, రాస్తన్నాను.

…

పంపేను.

… ఆ, కొట్టు మాట కూడా ఉన్నాది.

… ఉండు, ఇంకో ఫోనొస్తన్నాది. ఆయనే. … నీ ముందేనా? … సరే. కలుపుతన్నాను. పెట్టేయకు.

సార్, నమస్తే. ముందొక మాట సార్. భరణి కూడా లైన్‌లో ఉంది. వాళ్ళ నాన్నగారు కూడా. … అవును సార్, మీరు చదివింది నిజమే. … లేదు సార్. ఒక్కసారి కూడా చూడలేదు. … పొరపాటనకండి. అబద్ధం రాశాను. జర్నల్‌కి కూడా ఇదే మాట రాస్తాను. … మీ పేరు కూడా ఉందని తెలుసు సార్. క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు.

… ఆమె చాప్టరా? ఆమె అంకె ఎలా వచ్చిందో నన్నడక్కండి సార్. నేను చూసి ఎక్కించుకున్నవాణ్ణి. ఆమెనే అడగండి.

భరణీ… సార్ అడుగుతన్నారు. … ఆ రోజు సెమినార్లో ఎక్కడ ఆపించేనో అక్కణ్ణించి కాదు. మొదట్నించీ సెప్పు. … తొందరేటీ లేదు, బేరమొస్తే తూసిచ్చే సెప్పు, ఆయన ఉంటారు.

ఫోన్ బెంచీ మీద పెట్టేస్తన్నాను. మధ్యలో మాటాడను.

సెప్పు. ఇంటన్నాను.