ఒకే ఆకు మీద పన్నెండు చేతులు

పడవ ఇంకా రాలేదు. గిమారస్ దీవి రేవులోని కాఫీ కొట్టు దగ్గర కోచ్ తెమ్యోంగ్ కోతలు మొదలుపెట్టాడు. ఎదుటి బల్లమీద పురిత వింటోంది. ఆమె కూతురు ఆర్లిన్ ఆయన బడి జట్టులోనే వాలీబాల్ ఆడుతుంది. జట్టు భోజనం ఉన్న ప్రతి శనివారం ఆ పిల్ల ఇంటికొచ్చి చద్దన్నం గిన్నె ఊడ్చేస్తోంది. అడిగితే అక్కడ కడుపునిండా తిన్నానమ్మా అంటుంది.

కోచ్ మొదట చిన్నగానే చెప్పాడు. ఆటదేముంది, జట్టు కలవాలి, అందుకే ప్రాక్టీసయ్యాక పొడుగాటి అరటాకు పరిచి, అన్నం గుట్టపోసి, పైన వేయించిన రొయ్యలు కుమ్మరించి, పన్నెండుమందినీ భుజానికి భుజం ఆనించి నిలబెట్టి తినిపిస్తానన్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నెల తిరిగేసరికి ఒకతె నములుతుంటే పదకొండుమంది మింగుతున్నారు."

"అయితే ఒకతెకి పెడితే చాలు కదా కోచ్," అన్నాడు పక్కన కూర్చున్న జీప్నీ బండి డ్రైవర్ నోనోయ్.

కోచ్ ఆగుతాడా. ఒకతెకి జ్వరమొస్తే పన్నెండు నుదుళ్లూ కాలాయట. పోటీల్లో కరెంటు పోతే అందరూ కలిసి ఒక్క ఊపిరి వదిలారట, ఆ గాలికి అవతలి జట్టు వెళ్లి గోడకి అతుక్కుపోయిందట. ఆకు కూడా జట్టుతోపాటు పెరిగిపెరిగి, ఒక కొస బడిలో ఉంటే రెండోది ఈ రేవులో పడవలకి తగిలిందట.

"మా ఆర్లిన్ ఎక్కడ నిలబడుతుంది కోచ్?" అంది పురిత.

"కెప్టెన్ పక్కనే, అక్కా. మొన్న ఒక్కతే నూటనలభై రొయ్యలు లాగించింది. తోకలు కూడా వదల్లేదు."

నోనోయ్ నవ్వాడు. పురిత నవ్వలేదు.

"రొయ్య తగిలిన మెతుకు తిన్నా దానికి గొంతు వాచిపోతుంది. బడిలో చేర్చిన రోజే రాసిచ్చాను."

కోచ్ బల్లమీది పంచదార పలుకుల్ని వేలితో ఒకచోటికి చేర్చసాగాడు.

"మరి అంతసేపూ అదేం చేస్తుంది?"

"విసనకర్రతో..." అన్నాడు కోచ్. "ఈగలు తోలుతుంది."

"ఎన్నాళ్లనుంచి?"

"జూన్ నుంచి, అక్కా."

పురిత కాఫీ కప్పు బల్లమీద పెట్టింది.

"శనివారం ఆకు నేను పరుస్తాను," అంది. "రొయ్యలు వేరే గిన్నెలో ఉంటాయి. ఈగల్ని మీరు తోలండి."