కంచెకి ఏ పక్క

రెండువేల సంవత్సరం. సింగపూర్ చాంగీలో, రెండో ప్రపంచయుద్ధం నాటి జపాను యుద్ధఖైదీల శిబిరం గుర్తుగా కట్టిన మ్యూజియం బయటి బస్‌స్టాపు. గంగాధర్, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కూతురు చాందిని.

“లోపల ఆ ఫొటో కింద రాసింది నువ్వు సరిగ్గా చదవలేదమ్మా.”

“చదివాను కదా నాన్నా, ఖైదీలు అని. టాంపినీస్ బస్సు వస్తోంది, లేవండి. మధ్యాహ్నం నాకు రాఫెల్స్ ప్లేస్‌లో మీటింగ్.”

“నువ్వెళ్లకపోతే కంప్యూటర్లు ఆగిపోవులే. ఖైదీలు కింద కూర్చున్నారు. మీ తాత నిలబడ్డాడు. చేతిలో తుపాకీ ఉంది.”

“ఆయన తాతయ్య కాదు. మసకమసగ్గా ఉంది, ఎవరైనా అలాగే...”

“ఎడమ చెవి తమ్మె చీలుంది. నాకు ఇంగ్లీషు రాదు గానీ, మా నాన్న చెవి తెలీదేటి?”

“నాన్నా...”

“ఏటి రాసుంది?”

“ఖైదీలు, వాళ్ల కాపలాదారులు. అంతే, పేర్లు లేవు. గైడ్‌ని అడిగాను. బ్రిటిష్ సైన్యంలో పట్టుబడ్డ మన సిపాయిల్లో కొందర్ని జపానువాళ్లు కాపలాకి పెట్టారట. ఒప్పుకోకపోతే ఏం చేసేవాళ్లో. వాళ్లదీ ఆకలే నాన్నా.”

“ఆకలికే చేసుంటాడు. ఆ ముక్క చెప్తే నేను కాదంటానా? కంచంలో మెతుకు మిగిలితే వేళ్ల మీద బెత్తం పడేది నాకు. క్యాంపులో మేం పడ్డది నీకు తెలియాలి అనేవాడు. ఆయన పడ్డ బాధే కదా అని చెయ్యి చాపేవాణ్ణి. ఏటా పంద్రాగస్టుకి ఊరు ఊరంతా ఆయన మెడలో దండ వేసేది. తల వంచి వేయించుకునేవాడు.”

“అమ్మ ఫోన్ చేస్తుంది, తాతయ్య ఉన్నచోటు చూశారా అని. ఏం చెప్పను?”

“చూశామని చెప్పు.”

“మీకు ఒక్కసారి కూడా చెప్పలేదా?”

“నీ బస్సు వెళ్లిపోయింది చూడు.”

“నాన్నా, చెప్పలేదా?”

“చెప్పాడు. పోయేముందు, మంచం మీద. అన్నం అడిగితే కొట్టేవాళ్లం, అన్నాడు. జ్వరంలో మాట తడబడిందనుకున్నాను. కొట్టేవాళ్లం కాదు నాన్నా, కొట్టేవాళ్లు అని దిద్దాను.”

“తాతయ్య ఊరుకున్నారా?”

“లేదు. తలడ్డంగా ఊపి, మళ్లీ కొట్టేవాళ్లం అన్నాడు. మళ్లీ దిద్దాను. మూడోసారి నేను చెప్పినట్టే అనేశాడు.”