మెత్తటి మాటలు

ఏలూరులో కౌన్సెలింగ్ గది. డాక్టరమ్మ కుర్చీ చూపించినా టైలర్ గౌస్ కూర్చోలేదు.

"వీలైతే కూర్చోండి. మీకిష్టమైతేనే కళ్ళు మూసుకోండి. మెల్లగా ఊపిరిని గమనించండి."

"మూసుకోమంటున్నారా, వద్దంటున్నారా?"

"మీ ఇష్టమండీ."

"డాక్టరన్నాక ఇది మింగు, అది మానెయ్ అనాలి గానీ, ఈ బతిమాలడమేంటండీ? మా ఆవిడ మీకేం చెప్పింది?"

"నిద్ర పట్టట్లేదన్నారంతే. ఇప్పుడు మీకేమనిపిస్తోంది?"

"మీరేదో దాస్తున్నారనిపిస్తోంది."

"నేనేం దాచట్లేదండీ."

"వాళ్ళూ అదే అన్నారు."

"ఎవరండీ?"

"మా తమ్ముడు కొల్లేట్లో పడవ తిరగబడి చనిపోయిన రోజు, మా షాపుకొచ్చినవాళ్ళు. ఏం లేదు, కూర్చోండి గౌస్ గారూ, మెల్లగా ఊపిరి తీసుకోండి అన్నారు. అచ్చం మీలాగే, ఇంత మెత్తగా. నేను కూర్చున్నాకే కబురు చెప్పారండీ. అప్పట్నుంచి మిషను ముందు కూడా కూర్చోలేకపోతున్నాను. నిలబడి కటింగొక్కటే చేస్తున్నాను."

డాక్టరమ్మ తన కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

"మీకు చెప్పాల్సిన కబురేదీ నా దగ్గర లేదండీ. నిలబడే మాట్లాడుకుందాం. తమ్ముడి పేరేంటి?"

గౌస్ ఆవిడ మొహంలోకి అనుమానంగానే చూశాడు. తలుపు వంక చూశాడు. ఎవరూ రాలేదు.

"అయాజండీ," అన్నాడు. అని, కుర్చీ తనే లాక్కుని కూర్చున్నాడు.