అదీ నరమే, ఇదీ నరమే

నర్సుని పిలిచే బెల్లు మీంచి చెయ్యి తియ్యి విమల్ సారూ. కొట్టేదానికి రాలేదు. కొట్టాల్సింది మొన్ననే నీ స్కాన్ రూములో ఇనప స్టూలెత్తి కొట్టేసినా గదా. దవడకి తీగలు కట్టినారంట, మాట్లాడబాకు. నేను చెప్పేది విను.

నన్నట్లా చూస్తావేమప్పా? నాకు మాత్రం మంట ఉండదా? మా అన్న ధనకోటి తిరుత్తణిలో ముప్పై ఏండ్లుగా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి నేసినోడు. కుడి పిక్క మీద నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, నల్లబడిపొయ్యె. నేనే గదా మీ తిరువళ్ళూరు ఆస్పత్రికి పిల్చుకొచ్చింది. లేజరుతో కాలిస్తే సరిపోతుందంటిరి. కాల్చినారు. ఏమాయ?

పాదం పక్కన చిటికెనవేలు దాకా స్పర్శ లేకుండా పొయ్యె. తొక్కే చెక్కలో మేకు లేచుండాది. అది దిగబడినా ఆయనకి తెలియలేదు. ఆయన తొక్కతానే ఉన్నాడు, అది పొడుస్తానే ఉంది. మా వదిన మునెమ్మ మజ్జిగ తెచ్చి చూస్తే గుంతలో నెత్తురు మడుగు కట్టుండాది. ఆమె అరిస్తే ఈయన "చీరకి అంటిందా?" అన్నాడంట. చీము పట్టి కాలివేళ్ళు రెండు తీసేసినారు.

ఆ కట్టు చూసినాక నేనింక ఆగలేదు, రైలెక్కినా. డాక్టరుని తానే అడగాలని అన్న కుంటుకుంటా నా ఎంటొచ్చె. ఆయన అడిగేదాకా నేనుంటానా?

స్కాన్ చూసేటోడికి కండ్లు లేవని వీధి వీధంతా చెప్పినా.

లేదులే. నీకు కండ్లుండాయి. కాల్చక ముందు, ఆ పొద్దు నాకు చూపించినావు. అన్న గోడకి మొకం పెట్టి నిలబడుంటే, పిక్క మీద జెల్లు పూసి, స్క్రీను మీద వేలు పెట్టినావు. నల్లగా గుండ్రంగా ఒకటి, దాని పక్కనే తెల్లగా చిన్న చుక్క. నొక్కితే నల్లది మూసుకుంటుంది, తెల్లది మూసుకోదు, అంటివి. కిందికి పోయే కొద్దీ రెండూ అతుక్కోనుండాయి, ఆడ కాల్చకూడదు, పైన వరకే చాలు అని అరవంలో చెప్పినావు. నల్లదాన్ని వెయిన్ అంటివి, తెల్లదాన్ని నరంబు అంటివి.

మాకు రెండూ నరంబే గదా సారూ. ఈ జబ్బుకే నరంబు సురుట్టల్, నరాలు చుట్టుకునేది అని పేరు మా పక్క. పోనీ తెలుగులో చెప్పుంటే మాత్రం? నెత్తురు పారేదీ నరమే, చురుక్కుమనేదీ నరమే. ఏ నరమని తెలుసుకునేది?

కింద వదిలేస్తే మళ్ళీ ఉబ్బచ్చు అన్న మాటొకటే నా చెవికెక్కె. పెద్ద డాక్టరు దగ్గర పట్టుబట్టినా, మడిమ దాకా కాల్చేయండి అని. ఆయన వద్దు వద్దని, నేను వినకపోతే కాయితం చాపినాడు. 'నరంబు పాదిప్పు వరలాం' అని రాసుండె. నరం దెబ్బతినచ్చంట. దెబ్బతినిందనే గదా వచ్చినాం, ఇదేం రాత అని నవ్వుకుంటా సంతకం పెట్టినా. ఏముందిరా దాంట్లో అని అన్న అడిగినాడు. ఏమీ లేదులే అంటి.

ఎప్పుడు అర్థమాయనా? నీ రూములోనే. మొదటి దెబ్బ నీ భుజం మీద పడె. నువ్వు చెయ్యి అడ్డం పెట్టుకోని, "ఆ తెల్లది చూపించినా గదన్నా, సంతకం..." అంటివి. ఆ మాటతో అంతా తెలిసిపొయ్యె నాకు. కాల్చిందేదో, కాల్చమనిందెవరో.

అప్పటికే ఆ రూము వాకిట్లో అన్న వచ్చి నిలబడుండె. నీ నోట్లోంచి ఇంకొక్క మాట రాకూడదు. గురి చూసి దవడ మీద కొట్టినా. మొదటి దెబ్బ కోపం సారూ. రెండోదాంట్లో కోపం లేదు.

కేసు పెట్టుకో, జైలుకి పోతా. అన్న కింద మెట్ల కాడుండాడు. ఎందుకిట్లా చేసినావని నిన్నే అడగాలంట. నేను ఎంత చెప్పినా వినలేదు, ఎక్కొస్తా ఉండాడు.

ఎందుకు ఆ నోటుబుక్కు లాక్కుంటావు? రాయి. ఉండేది ఉండేట్టే రాయి, నేను అడ్డం రాను. ఆయనకి చదువు రాదు. నువ్వేం రాసినా, చదివి చెప్పేది నేనే.